పదమూడున్నర గంటలు, ఒక మస్టరు

పోయినేడాది జనవరి మొదటి వారంలో నేనొక రేసులో ఓడిపోయాను. నిజానికి దాన్ని రేసు అనకూడదట. పొద్దున్నే ఐదింటికి, చీకట్లో హెల్మెట్లు పెట్టుకుని చలికి వణుకుతున్న మా గుంపుకి నిర్వాహకుడొకాయన చెప్పాడు - "ఇక్కడ ఫస్టు సెకండు ఏం ఉండవు, ఎవరి స్పీడు వాళ్ళది. 200 కిలోమీటర్లు 13 గంటల 30 నిముషాల్లో పూర్తి చేస్తే చాలు" అని. గెలవడానికేం లేదు గానీ ఓడిపోవడానికి మాత్రం ఏర్పాటు ఉందన్నమాట! ఆ ఏర్పాటుని నేను చక్కగా వాడుకున్నాను. హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే మీద నార్కట్‌పల్లి దాటి, వెనక్కి తిరిగి, ఎదురుగాలిలో ఈడ్చుకుంటూ నగరం చేరేసరికి 13 గంటల 52 నిముషాలైంది. 22 నిముషాలు లేటు. 200 కిలోమీటర్లు తొక్కాను మొర్రో అంటే, టైములో తొక్కలేదు కదా సార్ అన్నారు. సోమవారం ఆఫీసులో ఈ కథంతా చెప్తే మా టీములో వాళ్ళు "ఎస్.ఎల్.ఏ. బ్రీచ్" అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

సంక్రాంతికి కొత్తగూడెం వెళ్ళినప్పుడు నాన్నకి చెప్పాను. నాన్న బొగ్గు బావిలో పనిచేసి రిటైరయ్యాడు. అంతా విని,

"పదమూడున్నర గంటల్ల తొక్కితే ఏమిస్తర్రా?" అన్నాడు.

"కార్డు మీద ముద్ర వేస్తారు. మెడల్ కావాలంటే మనమే డబ్బులు కట్టి కొనుక్కోవాలి."

"తొక్కనీకి కూడా పైసలు కట్టాల్నా?"

"ఎంట్రీ ఫీజు ఉంటుంది."

నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మాకు తొక్కితే మస్టరు పడేది" అన్నాడు.

బొగ్గుబావుల ఊళ్ళలో పుట్టినవాళ్ళకి మస్టరంటే చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం: హాజరు పట్టీలో పేరు పడటం. షిఫ్టు టైముకి బావి దగ్గరుంటే మస్టరు పడుతుంది, ఆ పూట కూలి ఉంటుంది. లేకపోతే లేదు.

నాన్న ఆ మాట ఎగతాళికే అన్నాడు, నాకు తెల్సు. కానీ అది ముల్లులా గుచ్చుకుని అలాగే ఉండిపోయింది. ఆ పదమూడున్నర గంటల లెక్క ఎక్కణ్ణుంచి వచ్చిందో, అది రాకముందు మా అడవి అంచున సైకిళ్ళు ఏం చేస్తుండేవో కొంత చదివాను, కొంత నాన్ననడిగాను. ఆ తర్వాత మళ్ళీ తొక్కాను. అదీ ఈ కథ.

ముందు ప్యారిస్ సంగతి. 1891లో పియర్ జిఫార్ అనే పత్రికా సంపాదకుడు తన పేపర్ తరఫున ప్యారిస్ నుంచి బ్రెస్ట్ అనే రేవు పట్నానికి, అక్కణ్ణుంచి మళ్ళీ ప్యారిస్‌కి ఒక సైకిల్ పందెం పెట్టాడు. 1200 కిలోమీటర్లు. డన్‌లప్ గాలి టైరు కనిపెట్టి అప్పటికి మూడేళ్ళే. రెండు వందల మందికి పైగా బయల్దేరితే తిరిగొచ్చింది వంద మంది దాకా. షార్ల్ తెరోఁ అనే ఆయన 71 గంటల 22 నిముషాల్లో, దాదాపు నిద్రే లేకుండా తొక్కి గెలిచాడు. పేపర్లు అమ్ముకోవడానికి పెట్టిన పందెమే అది. టూర్ ద ఫ్రాన్స్ కూడా అంతే, 1903లో ఆంరీ దెగ్రాంజ్ తన పేపర్ సర్క్యులేషన్ కోసం మొదలుపెట్టాడు.

వృత్తిగా తొక్కేవాళ్ళ సంగతి సరే, మనలాంటి వాళ్ళ సంగతేంటి? 1897లో ఇటలీలో పన్నెండు మంది రోమ్ నుంచి నేపుల్స్‌కి, 230 కిలోమీటర్లు, పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పొద్దు గూకే లోపు తొక్కాలని బయల్దేరారు. ఒకర్ని ఒకరు ఓడించడం కాదు, సూర్యుణ్ణి ఓడించడం. చూసినవాళ్ళు వీళ్ళకి 'ఆడాక్స్' అని పేరు పెట్టారు, లాటిన్లో తెగువ గలవాళ్ళు అని. అదే దెగ్రాంజ్ 1904లో ఈ ఆడాక్స్ పద్ధతికి ఫ్రాన్స్‌లో నియమాలు రాశాడు. 1921 నుంచి ప్యారిస్ క్లబ్బు వాళ్ళు, గుంపుగా కాకుండా ఎవరి వేగంతో వాళ్ళు తొక్కే బ్రెవేలు పెట్టడం మొదలుపెట్టారు. బ్రెవే అంటే ఫ్రెంచిలో సర్టిఫికెట్. 200కి 13:30, 300కి 20 గంటలు, 400కి 27, 600కి 40. గంటకి 15 కిలోమీటర్ల లెక్క. 200కి ఆ లెక్కన 13 గంటల 20 నిముషాలే వస్తుంది, పైన పది నిముషాలు కొసరు. ఆ కొసరు కూడా నాకు సరిపోలేదనుకోండి.

ఇది హైదరాబాదుకి వచ్చింది మనవాళ్ళ ద్వారానే. 2000ల చివర్లో, 2010ల మొదట్లో ఐటీ ఉద్యోగులు కొందరు వీకెండు పొద్దున్నే సైకిళ్ళ మీద గచ్చిబౌలి, శంకర్‌పల్లి రోడ్లెక్కారు. క్లబ్బులు వచ్చాయి, ప్యారిస్ నియమాల ప్రకారం బ్రెవేలు వచ్చాయి. 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ కూడా వచ్చింది, పైన సోలార్ కప్పు వేసి మరీ. మొత్తం మీద సైకిలు మన జీవితాల్లోకి రెండోసారి వచ్చింది. మొదటిసారి వచ్చినప్పుడు బీదరికానికి గుర్తు, రెండోసారి వచ్చినప్పుడు నెల జీతమంత ధర. మధ్యలో ఇరవై ఏళ్ళు మనందరం బైకు కొనే హడావుడిలో ఉన్నాం.

అలాగని మనకి సైకిల్ పందాలు తెలియవని కాదు. నాన్న చిన్నప్పుడు ఊరి సెంటర్లో 'ఆగకుండా సైకిల్ తొక్కడం' జరిగేదట. ఎక్కడో పొరుగూరి నుంచి ఒకతను వచ్చేవాడు. గుండ్రంగా గీత గీసి, మధ్యలో గుంజ పాతి, ట్యూబులైట్లు కట్టి, మైకులో పాటలు పెట్టి, రాత్రీ పగలూ ఐదు రోజులు, ఏడు రోజులు తొక్కేవాడు. సైకిల్ మీదే స్నానం, సైకిల్ మీదే అన్నం, సైకిల్ మీదే గడ్డం గీసుకోవడం. జనం చొక్కాకి రూపాయి నోట్లు పిన్నీసులతో గుచ్చేవాళ్ళు. ఆఖరి రోజు దండ వేసి ఊరేగించేవాళ్ళు. తెరోఁ తొక్కింది మూడు రోజులు. వీళ్ళు వారం తొక్కారు, అదీ ఒకే చోట తిరుగుతూ. ఎంత దూరం తొక్కారో ఎవరూ కొలవలేదు, ఎవరి పేరూ ఎక్కడా రాసుకోలేదు.

ఇక అద్దె సైకిళ్ళు. గంటకి పావలా. పిల్లలకి సీటు అందదు కాబట్టి కడ్డీ కింద నుంచి కాలు అవతలికి దూర్చి, ఒళ్ళంతా ఒక పక్కకి వంచి, సగం సగం తొక్కడం. నాన్న అలా నేర్చుకున్నదే. గంట అయిపోయేలోపు సైకిలు షాపులో అప్పజెప్పకపోతే ఇంకో పావలా. టైము లిమిట్లంటే మనవాళ్ళకి మరీ కొత్తేం కాదు.

నాన్న సొంత సైకిలు ఒక నల్ల అట్లాస్, ఉద్యోగంలో చేరిన ఏడాది కొన్నది. (అట్లాస్ వాళ్ళ ఆఖరి ఫ్యాక్టరీ 2020లో సరిగ్గా జూన్ 3న, అంటే ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు ఆగిపోయింది. ఇలాంటివి కథల్లో రాస్తే అతి అంటారు.) ఇంటి నుంచి బావికి 9 కిలోమీటర్లు. ముందు హ్యాండిల్‌కి టిఫిన్ డబ్బా, వెనక క్యారియర్ మీద ఒక్కోసారి కట్టెల మోపు. షిఫ్టు వదిలితే రోడ్డంతా సైకిళ్ళేనట. బెల్లు కొట్టినా ప్రయోజనం ఉండేది కాదట, అందరూ కొడుతుంటారు కాబట్టి. సింగరేణిలో 1990ల మొదట్లో లక్ష దాటిన కార్మికులు ఇప్పుడు నలభై వేల చిల్లర ఉన్నారు, వాళ్ళందరికీ బైకులున్నాయి. ఆ సైకిళ్ళ వరదని నేను చూడలేదు. నాకు ఊహ తెలిసేసరికి నాన్న హీరో హోండా కొనేశాడు.

ఫోన్లో లెక్క వేశాను. రోజుకి 18 కిలోమీటర్లు, నెలకి 26 రోజులు, బండి కొనేదాకా 15 ఏళ్ళు. 84 వేల కిలోమీటర్లు దాటింది. భూమి చుట్టూ రెండుసార్లు తిరిగినట్టు. నాన్నకి చూపిస్తే, "సెలవులు తీసెయ్, జ్వరాలు తీసెయ్, సమ్మెలు తీసెయ్" అన్నాడు. తీసేశాను. అయినా 70 వేలుంటుంది. నా స్ట్రావాలో అప్పటికున్నది 3100.

అందుకే పోయిన డిసెంబర్లో ఒక పని చేశాం. ఎంట్రీ ఫీజు లేకుండా, ముద్ర లేకుండా, ప్యారిస్ వాళ్ళ నియమాలే పెట్టుకుని, మా రోడ్ల మీద 200 కిలోమీటర్లు. నేను, ఆఫీసు నుంచి ఇద్దరు, చిన్నప్పటి స్నేహితుడొకడు. పొద్దున ఐదింటికి ఖమ్మంలో మొదలు, ఇల్లందు, కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం, మళ్ళీ కొత్తగూడెం, తగ్గిన దూరం కోసం జూలూరుపాడు వైపు 19 కిలోమీటర్లు వెళ్ళి వెనక్కి, మా ఇంటి ముందు ముగింపు. సాయంత్రం ఆరున్నరకి గడువు. సాక్ష్యానికి టీ కొట్టు బిల్లో, ఏటీఎం స్లిప్పో. (ఏటీఎం స్లిప్పు అసలు బ్రెవేల్లో కూడా చెల్లుతుంది, టైము అచ్చవుతుంది కదా.) ఈసారి రేసా కాదా అని ఎవరూ మైకులో చెప్పలేదు గానీ, నలుగురం మనసులో రేసనే అనుకున్నాం.

ఖమ్మంలో సైకిలెక్కి తొక్కేవాడెవడైనా ముందు ఒకాయన్ని తల్చుకోవాలి. ఖమ్మం రూరల్ రెడ్డిపల్లికి చెందిన దరిపల్లి రామయ్య, జనం వనజీవి రామయ్య అనేవాళ్ళు. జేబుల్లో విత్తనాలు, సైకిలు మీద మొక్కలు, మెడలో చెట్ల గురించి రాసిన అట్ట. రోడ్డు పక్కన ఖాళీ కనిపిస్తే దిగి నాటేవాడు. కోటికి పైగా నాటారని చెప్తారు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. 2022లో ఆయన్ని ఒక బైకు గుద్దింది. ఆస్పత్రి మంచం మీద నుంచి ఆయన, ఆ అబ్బాయి మీద కేసు వద్దు, వంద మొక్కలు నాటించండి అన్నారని పేపర్లలో వచ్చింది. 2025 ఏప్రిల్ 12న పోయారు. ఆరోజు చీకట్లో రఘునాథపాలెం వైపు తొక్కుతుంటే రెండు పక్కలా చెట్ల నీడలు.. ఏది ఎవరు నాటిందో మనకేం తెలుస్తుంది.

ఇల్లందు 45 కిలోమీటర్లు. ఏడు నలభైకి చేరాం. పాతవాళ్ళు బొగ్గుట్ట అంటారు. ఈ ఊరి గురించి మా వైపు ప్రతి పిల్లాడూ వినే కథొకటుంది. భద్రాచలం రాముడి దగ్గరికి నడిచి వెళ్ళే యాత్రికులు ఇక్కడ రాత్రి ఆగి, మూడు నల్లరాళ్ళు పెట్టి పొయ్యి వెలిగిస్తే, కట్టెలతో పాటు రాళ్ళు కూడా అంటుకున్నాయట. కాయితాల్లో ఉన్న చరిత్ర ఏంటంటే, 1871లో జియాలజికల్ సర్వేకి చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇక్కడ బొగ్గు కనిపెట్టాడు. 1886లో ఇంగ్లండ్‌లో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వే హక్కులు తీసుకుంది, 1889లో తవ్వకం మొదలైంది, 1920లో సింగరేణి కాలరీస్ అయింది. రెండు కథలూ నిజమై ఉండొచ్చు. వంట చేసుకున్నవాళ్ళకి తెలిసిన విషయాన్ని, రిపోర్టు రాయడం వచ్చినవాడు కనిపెట్టాడన్నమాట. మా రోడ్డు పుట్టిందీ ఈ రెండిటి వల్లే, రాముడు, బొగ్గు.

ఇల్లందు సైకిలు చరిత్రలో ఇంకో మనిషి గుమ్మడి నర్సయ్య. 1983 నుంచి మొదలుపెట్టి ఇక్కణ్ణుంచి ఐదుసార్లు ఎమ్మెల్యే. ఎం.ఎల్. పార్టీ. ఎమ్మెల్యేగా ఉన్నప్పుడూ సైకిలే, దిగిపోయాకా సైకిలే. పార్లమెంటుకి సైకిలు మీద వెళ్ళిన పుచ్చలపల్లి సుందరయ్య గారి గురించి దేశమంతా చెప్పుకుంటారు. ఢిల్లీలో రోడ్లు బావుంటాయి. ఇల్లందు నియోజకవర్గంలో, గూడేలకి మట్టిబాట కూడా సరిగ్గా లేని రోజుల్లో సైకిలు తొక్కడం వేరు. వానాకాలం బురదలో సైకిలు నిన్ను మొయ్యదు, నువ్వే సైకిల్ని మొయ్యాలి. 2025లో ఆయన మీద సినిమా తీస్తున్నామని ప్రకటించారు. సినిమాలో ఆ బురద చూపిస్తారో లేదో గానీ, ఇల్లందులో టీ తాగుతూ మేం ఆయన గురించి అడిగితే కొట్టతను మాత్రం, "ఏం చూస్తర్లే సారు, ఆయన్ని మేం రోజూ చూస్తనే ఉంటం" అన్నాడు. అంత మామూలుగా.

ఇల్లందు దాటాక నా వెనక టైరు పంచరు. స్పేర్ ట్యూబు మార్చాను. నాలుగు కిలోమీటర్లు పోయాక మళ్ళీ పంచరు, ఇంకో ట్యూబు లేదు. ఆఫీసు మిత్రులిద్దరూ అప్పటికే కనుచూపు మేరలో లేరు. టేకులపల్లి దగ్గర ఒక పంచరు షాపు కనిపించింది. షాపంటే చింతచెట్టు, నీళ్ళ తొట్టి, ఒక డబ్బా. పెద్దాయన చక్రం తీసుకుని చూసి, "ఇదేం వాల్వు తమ్మీ, పుల్ల లెక్క ఉంది?" అన్నాడు. రేసు సైకిళ్ళకి ప్రెస్టా అని సన్నటి వాల్వు ఉంటుంది, మన పంపు దానికి పట్టదు. అయినా ట్యూబు ట్యూబే కదా. నీళ్ళలో ముంచి బుడగ పట్టుకున్నాడు, గరుకు కాయితంతో రుద్దాడు, సొల్యూషన్ పూసి ఊదాడు, ప్యాచ్ వేసి సుత్తితో నాలుగు దెబ్బలు వేశాడు. టైరు లోపల వేలు పెట్టి తిప్పి, నేను రెండుసార్లు వెతికినా దొరకని తుమ్మముల్లు తీసి నా అరచేతిలో పెట్టాడు. గాలి మాత్రం నా చేతి పంపుతోనే, ఇద్దరం వంతులవారీగా కొట్టాం. 30 రూపాయలు. మొత్తం అరగంట పోయింది.

పది ముప్పావుకి కొత్తగూడెం. ఇక్కడి స్టేషన్ పేరు భద్రాచలం రోడ్. రైల్లో వచ్చిన యాత్రికులు పేరు చూసి దిగి, గుడి ఎటు అని అడుగుతారు, ఇంకో 40 కిలోమీటర్లు అంటే మొహం వేలాడేస్తారు. రైలు బొగ్గు కోసం వచ్చింది మరి, రాముడి పేరు తర్వాత పెట్టుకుంది. ఇంటి ముందు నుంచే వెళ్ళాను గానీ లోపలికి వెళ్ళలేదు. వెళ్తే అమ్మ టిఫిన్ పెడుతుంది, టిఫిన్ పెడితే నేను లేవను.

పాల్వంచ పరగణాకి పదిహేడో శతాబ్దంలో తహసీల్దారు కంచర్ల గోపన్న, అంటే రామదాసు. ఊరు ఖమ్మం దగ్గర నేలకొండపల్లి. పన్ను డబ్బుతో గుడి కట్టి, గోల్కొండ కోటలో పన్నెండేళ్ళు జైల్లో ఉన్నాడని ప్రసిద్ధి. అప్రూవల్ లేకుండా ప్రాజెక్టు బడ్జెట్ ఖర్చుపెడితే ఏమవుతుందో మనకి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఆయన ఈ దారిలో ఏ గుర్రం మీదో, పల్లకీలోనో ఎన్నిసార్లు తిరిగుంటాడో అనుకుంటూ థర్మల్ కేంద్రం చిమ్నీలు దాటాను. పెద్దమ్మ గుడి దాటాక అడవి మొదలవుతుంది. ఇక్కడ రోడ్డు బావుంటుంది, అదే భయం. కలప లోడు లారీలు, బొగ్గు లారీలు, ఇసుక లారీలు వెనక నుంచి హారన్ కొట్టి, ఇంత జాగా కూడా వదలకుండా దూసుకుపోతాయి. లారీ దాటిపోయాక సైకిల్ని ఒక క్షణం తనవైపు లాక్కుంటుంది, తెల్సా మీకు? ఆ గాలి సుడికి చేతులు బిగుసుకుపోతాయి. నా ఒంటి మీద మెరిసే జాకెట్ ఉంది, వెనక మిణుకుమిణుకుమనే ఎర్ర లైటుంది. నా ముందు పోతున్న ఒక కోయ కుర్రాడికి అవేం లేవు. క్యారియర్ మీద బియ్యం బస్తా, కాళ్ళకి రబ్బరు చెప్పులు. లారీ హారన్ వినగానే పక్కన మట్టిలోకి దిగడం, మళ్ళీ తారెక్కడం, దిగడం, ఎక్కడం. దాదాపు ఆరు కిలోమీటర్లు మేమిద్దరం అలా వెనకా ముందూ పోయాం. చదునులో నేను దాటేవాణ్ణి, ఎత్తు ఎక్కేచోట అతను నా పక్కకొచ్చేవాడు. ఒకసారి నవ్వి, "పంచెమా?" అన్నాడు. పందెమా అనుకుని అవునన్నాను. తర్వాత ఆలోచిస్తే పంచరా అని అడిగాడేమో, నేను అంత నెమ్మదిగా పోతున్నాను మరి. ఒక మట్టి బాట దగ్గర అడవిలోకి తిరిగిపోయాడు.

సారపాకలో కాగితం మిల్లు వాసన రాగానే వంతెన దగ్గరకొచ్చామని అర్థం. ఒంటిగంట ఐదుకి గోదావరి. 122 కిలోమీటర్లు.

వంతెన మధ్యలో ఆగాను. ఆగకూడదు, టైము లేదు, కానీ ఆగాను. మ్యాపులో ఒక నది, దీని రెండు ఒడ్లూ దాదాపు వందేళ్ళు వేర్వేరు ప్రభుత్వాల కింద ఉన్నాయి. 1860లో నిజాం గోదావరి ఎడమ ఒడ్డుని బ్రిటిష్ వాళ్ళకి ఇచ్చేశాడు. గుడి బ్రిటిష్ వైపు, నేనొచ్చిన రోడ్డు నిజాం వైపు. ఆ ఒడ్డుని మొదట సెంట్రల్ ప్రావిన్సెస్‌లో కలిపారు, 1874లో భద్రాచలం, రేకపల్లి ప్రాంతాల్ని మద్రాసు ప్రెసిడెన్సీకి మార్చారు. మనకి కాయితం మీద జిల్లా మార్పు, అక్కడి కోయలకి మాత్రం పోడు మీద పన్ను పెరిగింది, కొన్ని అడవుల్లో పోడే వద్దన్నారు. 1879లో రంప పితూరీ మొదలవగానే రేకపల్లి ప్రాంతం కూడా భగ్గుమంది. స్వాతంత్ర్యం తర్వాత ఇది తూర్పు గోదావరి, 1959లో ఖమ్మం జిల్లా. 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ఈ వంతెన ప్రారంభించేదాకా దాటాలంటే పడవే. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రకి వెళ్ళాయి, భద్రాచలం ఊరు తెలంగాణలో ఉండిపోయింది. ఇప్పుడు ఊరు దాటి నాలుగు తొక్కులు తొక్కితే ఎటపాక, ఆంధ్రప్రదేశ్. అదే రోడ్డులో ఇంకొంచెం పోతే మళ్ళీ తెలంగాణ. సైకిలు మీద ఒక గంటలో రెండు రాష్ట్రాలు మూడుసార్లు మారొచ్చు, కాళ్ళకి మాత్రం ఏం తేడా తెలియదు. 2022 జూలైలో గోదావరి 71 అడుగులు దాటి వంతెన మీద రాకపోకలు ఆపేసినప్పుడు నది మళ్ళీ కొన్ని రోజులు సరిహద్దైంది. ఇప్పుడు పక్కనే ఇంకో వంతెన కూడా వచ్చింది.

నాన్న కూడా ఒక్కసారి ఇక్కడిదాకా సైకిలు మీద వచ్చాడు. పెళ్ళయిన కొత్తలో, శ్రీరామనవమికి, వెనక క్యారియర్ మీద అమ్మ. బస్సుల్లో జాగా లేదని. రాను 40, పోను 40, ఏప్రిల్ ఎండలో. ఈ సంగతి నాకు అమ్మ చెప్పింది, నాన్న చెప్పలేదు. ఎంతసేపు పట్టిందమ్మా అంటే, "కల్యాణం టైముకి అందుకున్నం" అంది.

గుడి మెట్ల కింద నుంచే దండం పెట్టి, ఏటీఎం స్లిప్పు తీసుకుని, ఒకటిన్నరకి వెనక్కి తిరిగాను. తిరుగు ప్రయాణం గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. ఎండ, ఉప్పు మరకలు, అరటిపళ్ళు, మోకాలి నొప్పి. నాలుగుంబావుకి కొత్తగూడెం, 162. సుజాతనగర్ దాటి జూలూరుపాడు వైపు పోతుంటే స్నేహితుడు ఫోన్ చేసి పాల్వంచలో కాళ్ళు పట్టేశాయి, ఆటో ఎక్కుతున్నా అన్నాడు. ఐదు ఇరవై ఐదుకి వెనక్కి తిరిగాను. చీకటి పడుతుంటే పొలాల్లోంచి మిరప చేల వాసన, రోడ్డు మీదికి తోలుకొస్తున్న గేదెలు. గేదెలకి టైము లిమిట్ ఉండదు. ఆఖరి ఐదు కిలోమీటర్లు నిలబడే తొక్కాను, కూర్చుంటే నడుము లేవడం లేదు.

ఇంటి ముందు ఆగేసరికి ఆరూ ముప్పై ఆరు. 13 గంటల 36 నిముషాలు. ఆఫీసు మిత్రుల్లో ఒకడు 11 గంటల 10 నిముషాల్లో ముగించి, మా ఇంట్లో వేడినీళ్ళ స్నానం చేసి, మా అమ్మ చేతి పూరీలు తింటున్నాడు. రెండోవాడు కూడా గడువులోపే వచ్చేశాడు.

నాన్న గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చేతిలో ఫోన్. నేను దిగలేక సైకిల్ని గోడకి ఆనించి అలాగే నిలబడితే, టైము చూసి,

"ఆరు నిముషాలు లేటు. మస్టరు పడలే" అన్నాడు.

తర్వాత లేచొచ్చి, ముందు చక్రాన్ని, వెనక చక్రాన్ని వేలితో నొక్కి చూశాడు. వెనకది కొంచెం మెత్తగా ఉందన్నాడు. పంచరు ఎక్కడ వేయించావని అడిగాడు. టేకులపల్లి అని చెప్పాను. ప్యాచ్ బాగనే వేసిండు, వాల్వు దగ్గరే గాలి లీకైతంది అన్నాడు. ఇద్దరం లైటు కింద కూర్చుని చూస్తే, నిజంగా వాల్వు దగ్గరే.